పుష్యమాసం పేజీ

ఉగాదికి కొత్త పంచాంగం ఇంట్లోకి రాగానే అందరూ రాశిఫలాలూ ఆదాయవ్యయాలూ చూసుకుంటారు. నేను మాత్రం వెనకనుంచి తిప్పుకుంటూ వచ్చి పుష్యమాసం పేజీ తీస్తాను. బహుళ పంచమి ఏ తారీఖున పడింది, ఏ వారం, సంక్రాంతికి ముందా తర్వాతా, ఇది తేలేదాకా నాకు ఉగాది పచ్చడి నోటికి ఎక్కదు. "అయిందా త్యాగరాజుగారి జాతకం చూడ్డం?" అంటారు మా ఆయన.

గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊరు మాది. ఏటా త్యాగరాజ ఆరాధనోత్సవాలు ఐదు రోజులపాటు చేస్తాం, ఆ కమిటీకి తొమ్మిదేళ్లుగా నేను కార్యదర్శిని. ఎలా అయ్యానంటే, వీణ నేర్చుకుందామని మాస్టారి దగ్గరికి వెళ్తే ఆయన ఓ రోజు "అమ్మాయ్, నీ చేతిరాత బావుంది, ఈ చందా రసీదులు కాస్త రాసిపెట్టు" అన్నారు. అంతే. వీణ రెండో వర్ణం దగ్గర ఆగిపోయింది, రసీదులు మాత్రం ఆగలేదు. మొన్న ఒక స్నేహితురాలు ఫోన్ చేసింది, వాళ్ల ఊళ్లోనూ ఇలాంటిదేదో మొదలుపెడదామనుకుంటున్నారట. "ఏముందే అందులో, ఆర్టిస్టుల్ని పిలవాలి, మైకు పెట్టించాలి, అంతేగా" అంది. గంటన్నర మాట్లాడాను. ఆఖర్లో "సరే, ఆలోచించుకుంటాం" అని పెట్టేసింది. దానికి చెప్పినవీ, దాన్ని భయపెట్టడం ఎందుకని చెప్పకుండా ఆపినవీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

అన్నిటికంటే ముందు తారీఖు. త్యాగరాజస్వామి తంజావూరు దగ్గర తిరువయ్యారులో సిద్ధి పొందింది 1847 జనవరిలో, పుష్య బహుళ పంచమి నాడు. ఆరాధన అంటే ఆ తిథికే. తిథి ఇంగ్లీషు క్యాలెండరులో కుదురుగా ఒకచోట కూర్చోదు కదా. 2024లో జనవరి 30న వచ్చింది, హాయిగా చేసుకున్నాం. 2025లో 18. ఈ ఏడు 7. మా వైపు జనవరి 7కీ 18కీ 30కీ మధ్య ఉన్న తేడా ఎంతో షామియానాలు అద్దెకిచ్చేవాణ్ణి అడిగితే చెబుతాడు.

పుష్యం శూన్యమాసం, పెళ్లిళ్లుండవు. అందుకని కల్యాణ మండపం తక్కువ అద్దెకి దొరుకుతుంది, సన్నాయి మేళం వాళ్లు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తామంటారు, వంటవాళ్లూ ఖాళీయే. ఆహా అనుకునేలోపు సంక్రాంతి వచ్చి కూర్చుంటుంది. పండగ మూడు రోజులూ కోడిపందాల బరుల దగ్గరికి షామియానాలు, కుర్చీలు, ఫ్లడ్‌లైట్లు, జనరేటర్లు, మైకు సెట్లు అన్నీ వెళ్లిపోతాయి. అక్కడిచ్చే రేటు మేము ఇవ్వలేం, ఇస్తామన్నా సప్లయరు మాట వినడు. ఈ ఏడు 3 నుంచి 7 దాకా చేశాం కాబట్టి సామాను దొరికింది, కానీ "మేడంగారూ, ఎనిమిదో తారీఖు తెల్లారేసరికి నాకు సామానంతా వచ్చెయ్యాలండీ, బరి కట్టాలి" అని మొదటి రోజు నుంచీ చెవిలో పోరు. ఏడో తారీఖు రాత్రి స్టేజీ మీద మంగళం పాడుతున్నారు, వెనక వరసల్లో ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చేస్తున్న చప్పుడు. పాడుతున్నావిడ ఒకసారి కళ్లు తెరిచి చూసి మళ్లీ మూసుకున్నారు, పాపం.

ఇక నిరుడైతే కథే వేరు. పంచమి 18న, ఐదు రోజులు చెయ్యాలంటే సంక్రాంతి నాడే మొదలుపెట్టాలి. ఆ రోజు ఎవరొస్తారు వినడానికి? అరిసెలు తిని పడుకుంటారు. సరేనని మూడు రోజులకి కుదించి 16, 17, 18 అన్నాం. 16 పొద్దున కచేరీ ఉందంటే ఆర్టిస్టులు 15నే బయలుదేరాలి. 15 కనుమ. కనుమ నాడు కాకైనా కదలదంటారు. మామూలుగా ఇవి మాటవరసకి అనుకునే సామెతలు అనుకుంటాం, కానీ విజయవాడ నుంచి రావలసిన వయోలిన్ విద్వాంసుడు, ముప్ఫై ఏళ్లవాడు, ఫోన్ చేసి "అమ్మ ఒప్పుకోవట్లేదండీ" అన్నాడు. ఫోన్ ఆవిడకి ఇమ్మన్నాను. ఆవిడ ఒక్కటే అడిగారు, "మీరైతే మీ పిల్లల్ని కనుమ నాడు ఊరు దాటనిస్తారా తల్లీ?" నేనేం చెప్పను? "పోనీ అర్ధరాత్రి పన్నెండు దాటాక కారు పంపిస్తామమ్మా, అప్పటికి 16 వచ్చేస్తుంది కదా" అన్నాను తెలివిగా. "సూర్యోదయం అయ్యేదాకా కనుమేనమ్మా" అన్నారు ఆవిడ, నాకంటే తెలివిగా.

కాబట్టి 9 గంటల కచేరీని 11కి జరిపి, 11ది 9కి తెచ్చాం. ఆ 11 గంటల గాయనికి పొద్దున్నే గొంతు తెరుచుకోదట. ఆవిణ్ణి బతిమాలి ఒప్పించాక గుర్తొచ్చింది, కరపత్రాలు అచ్చయిపోయి ఊరంతా పంచేశామని. 9కి రావలసినవాళ్లు 9కే వచ్చి వేరే ఎవర్నో విన్నారు, ఆవిడ కోసం 11కి వచ్చినవాళ్లు "ఆవిడేరీ?" అని నన్నే పట్టుకున్నారు. ఒక్క ప్రయాణం ఐదు గంటలు ఆలస్యమైతే ఎన్ని ఫోన్లో! ఆ రోజు నా కాల్ లిస్టు చూసుకుంటే పొద్దున 5 నుంచి 11 లోపల 63 ఉన్నాయి.

ఆర్టిస్టుల్ని పిలవడం అనే పని కూడా వినడానికి అనిపించినంత సులువు కాదు. డిసెంబరు మధ్య నుంచి జనవరి మొదటి తారీఖు దాకా చెన్నైలో మ్యూజిక్ అకాడమీ, ఇంకా లెక్కలేనన్ని సభల్లో సీజన్. అది అయ్యేసరికి పెద్దవాళ్ల గొంతులు అలిసిపోయి ఉంటాయి. మనం పిలిచేది సరిగ్గా అప్పుడు. పైగా మన ఉత్సవం జరిగే రోజుల్లోనే తిరువయ్యారులో అసలు ఆరాధన, ఊరూరా ఇలాంటి ఆరాధనలు, అందరికీ అందరూ కావాలి. అందుకని మేం సెప్టెంబరులోనే మాట తీసుకుంటాం. రైలు టిక్కెట్లు ఇదివరకు నాలుగు నెలల ముందే చేయించేసేవాళ్లం, 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి దీపావళి తర్వాత నాకు అదొక డ్యూటీ, సర్కారు ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్తులు. మృదంగం పై బెర్తుకి ఎక్కదు, ఎక్కించనివ్వరు కూడా, కింద సీటు పక్కనే ఉండాలి, పసిపిల్లలాగ.

ఎవరి పక్కన ఎవర్ని కూర్చోబెట్టాలన్నది ఇంకో లెక్క. రేడియోలో 'ఏ' గ్రేడు విద్వాంసుడి పక్కన అంతకంటే కింది 'బి హై' గ్రేడు కుర్రాణ్ణి వేస్తే ఆయన పైకి ఏమీ అనరు, "కుర్రాడు బాగానే వాయిస్తాడా?" అని మాత్రం మూడుసార్లు అడుగుతారు. ఇద్దరు మంచివాళ్లే అయినా ఒకరికొకరు పడకపోవచ్చు, అది ఎక్కడా రాసి ఉండదు, ఎవరో ఒకరు చెవిలో వెయ్యాలి. మా మృదంగం మాస్టారు ఈ విషయంలో నడిచే ఎన్‌సైక్లోపీడియా. జాబితా చూసి "ఈ ముగ్గుర్నీ ఒక స్టేజీ మీద వెయ్యకమ్మా" అని ఊరుకుంటారు. ఎందుకని అడిగితే కాఫీ తాగుతారు.

చందాలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు, వీటి గురించి ఎక్కువ రాయను, రక్తపోటు. ఎవరి పేరు ఎవరి పేరుకంటే పైన ఉండాలనే దాని మీద మా కమిటీ ఒకసారి రాత్రి పదకొండున్నర దాకా కూర్చుంది, సంగీతం గురించి ఏనాడూ అంతసేపు కూర్చోలేదు. మైకు పర్మిషన్ కోసం స్టేషన్‌కి వెళ్తే కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ "ఏం కచేరీ అండీ, రికార్డింగ్ డాన్సా?" అని అడిగాడు. సంక్రాంతి రోజులు, అడగడంలో తప్పులేదు. రాత్రి 10 దాటాక లౌడ్ స్పీకర్లు మోగకూడదు, కాబట్టి మా ఆఖరి కచేరీ 9:45కి మంగళం అందుకోవాలి. తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలవాళ్లు మాత్రమే వాయించే భాగం, ఎక్కువసేపు సాగిన రోజున నేను స్టేజీ పక్కన నిలబడి గడియారం వైపు చూపిస్తుంటాను. మృదంగం, ఘటం ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నట్టు వాయిస్తుంటే జనం తల ఊపుతుంటారు, నా కళ్లు మాత్రం ముల్లు మీద.

సంభావన సంగతి మాత్రం చెప్పాలి. మన దగ్గర నూటపదహార్ల లెక్క కదా, 5,116, 10,116, 25,116. కవర్లో పెట్టి, తమలపాకులు, వక్క, అరటిపళ్లు, శాలువాతో స్టేజీ మీద అందించాలి. ఇప్పుడు అందరూ ఫోన్‌పే చెయ్యమంటున్నారు, వాళ్లకీ మాకూ లెక్క తేలిక. అలాగని స్టేజీ మీద ఏమీ ఇవ్వకుండా పంపలేం, చూసేవాళ్లు ఏమనుకుంటారు? అందుకని ఖాళీ కవరు తాంబూలంలో పెట్టి ఇస్తున్నాం. ఇచ్చేవాళ్లకీ తెలుసు ఖాళీ అని, పుచ్చుకునేవాళ్లకీ తెలుసు, ఇద్దరూ నమస్కారం చేసుకుంటారు. ఒకసారి ఖాళీ కవరు అందించిన రాత్రే బ్యాంకు సర్వరు పడుకుంది. ఆ ఘటం విద్వాంసుడు రైలెక్కేదాకా నాకు మొహం చూపించడానికి సిగ్గేసింది. ఆయనే ప్లాట్‌ఫామ్ మీద నవ్వి, "కవరు నా దగ్గర భద్రంగా ఉందమ్మా" అన్నారు.

మైకు. మా మైకు కుర్రాడు మంచివాడు, పెళ్లిళ్లకి, డీజేలకి వెళ్తాడు. గాత్రం అనగానే వాడి చెయ్యి దానంతటదే ఎకో బటన్ మీదకి పోతుంది. "ఎకో తీసెయ్ నాన్నా" అంటే తీసేస్తాడు, పది నిమిషాలకి మళ్లీ కొంచెం, ఇంకో పది నిమిషాలకి ఇంకొంచెం, కీర్తన అయ్యేసరికి పాడేవాళ్లు ఏదో బావిలోంచి పాడుతున్నట్టుంటుంది. గట్టిగా అడిగితే "లేపోతే పచ్చిగా ఉందండీ" అంటాడు. నిజంగానే వాడికి అలా వినిపిస్తుంది, అబద్ధం కాదు. మృదంగానికి రెండు మైకులు, వయోలిన్‌కి ఒకటి, గాత్రానికి ఒకటి, ఇవి పెట్టగానే అయిపోయిందనుకోకూడదు. స్టేజీ మీద కూర్చున్నవాళ్లకి తమ గొంతు తమకి వినపడాలి, దానికి వాళ్ల ముందు మానిటర్ స్పీకరు. కచేరీ మొదలైన మొదటి పావుగంట ముగ్గురూ వేళ్లతో సైగలు చేస్తూనే ఉంటారు, ఒకరు పైకి, ఒకరు కిందికి, ఒకరు తన చెవి చూపించి పైకి. వయోలిన్ పెంచమంటే మృదంగం పెంచమంటారు, మృదంగం పెంచితే గాత్రం పెంచమంటారు, చివరికి స్పీకరు కీచుమంటుంది, జనమంతా వెనక్కి తిరిగి కుర్రాడి వైపు చూస్తారు. మధ్యాహ్నం వచ్చి సౌండు చూసుకోండని అందర్నీ అడుగుతాం. ఎవరూ రారు, భోజనం చేసి నడుం వాలుస్తారు.

ఇంకోటి, ఇది కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తప్పకుండా రాసుకోవాలి. స్టేజీ పక్కన ఒక గిన్నెలో గుప్పెడు బొంబాయి రవ్వ, చెంబుడు నీళ్లు ఉండాలి. మృదంగం ఎడమవైపు మూతకి రవ్వ తడిపి ముద్ద చేసి అంటిస్తేనే ఆ గంభీరమైన నాదం పలుకుతుంది, వాయించడం అయ్యాక గీకేస్తారు. మొదటి ఏడు నాకిది తెలీదు. కచేరీకి ఐదు నిమిషాల ముందు "రవ్వ ఏదమ్మా?" అన్నారు. ఉప్మా అడుగుతున్నారనుకుని "టిఫిన్ అయ్యాక చేయిస్తానండీ" అన్నాను. పరుగెత్తి వంటశాలకి వెళ్తే వాళ్ల దగ్గర ఇడ్లీ రవ్వ ఉంది, అది ఆయన చూసి పక్కన పెట్టేశారు. చివరికి మండపం ఎదురింటి పిన్నిగారు డబ్బా ఇచ్చారు. ఇప్పటికీ ఏటా ఆవిడ ఆ రోజు పొద్దున్నే అడుగుతారు, "రవ్వ ఉందా, పంపించనా" అని.

ఇక నా ప్రాణం తీసేదీ, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ ఒకటే, పిల్లల పూట. చుట్టుపక్కల ఊళ్ల సంగీతం టీచర్ల దగ్గర నేర్చుకునే పిల్లలందరూ ఒక్కో కీర్తన పాడే రోజు. ఈ ఏడు పంచమి బుధవారం, బడులు ఉంటాయి కాబట్టి 4వ తారీఖు ఆదివారం పెట్టాం. నిరుడు సంక్రాంతి సెలవుల్లో 17న పెడితే 112 మంది పేర్లిచ్చారు. మనిషికి నాలుగు నిమిషాలు వేసుకోండి, 448 నిమిషాలు, ఏడున్నర గంటలు, ఎక్కడం దిగడం కాకుండా. పిల్ల స్టేజీ ఎక్కి, చున్నీ సర్దుకుని, మైకు సరిచేసుకుని, వెనక్కి తిరిగి టీచరు వైపు చూసి, "నమస్కారం, నా పేరు ఫలానా" అనేసరికే నిమిషం పోతుంది. అందుకని స్టేజీ మీద ఒకేసారి ముగ్గుర్ని కూర్చోబెడతాం, ఒకరు పాడుతుంటే ఇద్దరు సిద్ధంగా. పేరు మేమే చదువుతాం. టైము చూడ్డానికి రిటైరైన హెడ్మాస్టరుగారు, బల్ల మీద గంట. ఆయన బళ్లో ఎలా కొట్టేవారో ఇక్కడా అలాగే కొడతారు, మొహమాటం లేదు.

వరస ఎలా వెయ్యాలన్నది మాత్రం మాకు చాలా ఏళ్లు తెలిసిరాలేదు. మొదట వయసు ప్రకారం వేశాం, తర్వాత టీచర్ల ప్రకారం. రెండూ తప్పే. మృదంగం మాస్టారు ఓ రోజు విసుగొచ్చి అన్నారు, "ఒక పిల్ల ఐదు, వెనకాలే వచ్చేవాడు ఆరు, ఆ వెనకాల ఐదున్నర, ప్రతిసారీ నేను రాయి పట్టుకుని మృదంగం కొట్టుకుంటూ కూర్చుంటే మీ టైము మిగులుతుందా? శ్రుతి ప్రకారం వెయ్యండి." శ్రుతి అంటే పాడేవాళ్లు తమ గొంతుకి ఆధారంగా పెట్టుకునే స్థాయి, హార్మోనియం మెట్ల లెక్కన ఒకటి, ఒకటిన్నర, ఐదు అంటారు, అంకె పెరిగేకొద్దీ స్థాయి పైకి. అంటే ఐదు శ్రుతి పిల్లలందరూ ఒక గంట, ఐదున్నర వాళ్లు ఆ తర్వాత, ఇలాగ. దానివల్ల నిరుడు గంటకి పైగా మిగిలింది. టీచర్లకి మాత్రం ఇది నచ్చలేదు, "మా పిల్లలందరూ వరసగా పాడితే ఫోటో తీసుకుందామనుకున్నాం" అన్నారు. తల్లిదండ్రులకి అంతకంటే నచ్చలేదు, అన్నయ్యది ఐదు, చెల్లెలిది ఆరు, పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఉండాలి. నిజమే, వాళ్ల బాధ వాళ్లది.

శ్రుతి ప్రకారం వెయ్యాలంటే ముందు శ్రుతి తెలియాలి కదా. ఫారంలో "శ్రుతి" అని ఒక గడి పెట్టాం. వచ్చిన జవాబులు చదవాలి మీరు. "తెలియదు", "హంసధ్వని" (అది రాగం పేరు), "బాగానే ఉంటుంది", ఒక పాప అయితే "శ్రుతి మా అక్క" అని రాసింది.

ఆ నిరుటి పూటే ఒక సంగతి జరిగింది. పధ్నాలుగేళ్ల అబ్బాయి, ఫారంలో ఐదు అని ఉంది, ఐదు గంటలోనే పేరు వచ్చింది. మోహన రాగంలో కీర్తన మొదలుపెట్టాడు. పల్లవి ఎలాగో లాక్కొచ్చాడు, అనుపల్లవిలో పై షడ్జానికి, అంటే పై 'స'కి, వెళ్లేసరికి గొంతు చీలిపోయింది. ఆగాడు. మళ్లీ అందుకున్నాడు, మళ్లీ చీలింది. ముందు వరసలో ఎవరో నవ్వారు. వాడి చెవులు ఎర్రబడిపోవడం నాకు స్టేజీ పక్కనుంచి కనబడుతూనే ఉంది. ఫారం నింపింది నవంబరులో, ఈ రెండు నెలల్లో వాడికి గొంతు మారిపోయింది, అంతే. పండగ హడావుడిలో ఎవరూ కూర్చోబెట్టి పాడించి చూడలేదు. మృదంగం మాస్టారు వాయించడం ఆపి తంబురా పెట్టె వైపు చెయ్యి చూపించి, "ఒకటిన్నరకి దించమ్మా" అన్నారు. దించాను. ఆయన చేతిలో ఉన్న చిన్న మృదంగం అంత కిందికి దిగదు, ఏ అర శ్రుతో అటూఇటూ తప్ప ఒక మృదంగం శ్రుతి మారదు. శిష్యుణ్ణి పిలిచి "లోపల పెద్దది ఉంది, పట్రా" అన్నారు. సంచి విప్పారు, రాయీ పుల్లా తీశారు, అంచు చుట్టూ కొట్టుకుంటూ ఒక్కో కన్నూ సరిచేస్తున్నారు, టక్ టక్ మని. హాల్లో ఇంకేం చప్పుడు లేదు. హెడ్మాస్టరుగారు గంట మీద చెయ్యి వేసి నా వైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను. ఆయన చెయ్యి తీసేశారు.

అబ్బాయి పాడాడు. గొప్పగా ఏం పాడలేదు, కానీ చివరిదాకా పాడాడు. మొత్తం పదకొండు నిమిషాలు. దాని ఫలితం, ఆ తర్వాత ముగ్గురు తల్లులు నా దగ్గరికి వచ్చి "మా పిల్లకి నాలుగో నిమిషం గంట కొట్టారే, ఆ అబ్బాయికి ఎందుకు కొట్టలేదు?" అన్నారు. వాళ్లదీ న్యాయమే, నా దగ్గర జవాబు లేదు. భోజనాలు ఆలస్యమయ్యాయని వంటాయన అలిగాడు. ఈ ఏడు ఫారంలో ఇంకో గడి కలిపాం, "ఈమధ్య గొంతు మారిందా?" అని. ఆ అబ్బాయి మళ్లీ పేరిచ్చాడు. శ్రుతి అన్నచోట "ఒకటిన్నర, ప్రస్తుతానికి" అని రాశాడు.

పంచమి రోజు పొద్దున ఉంఛవృత్తి, నాలుగు వీధులు పాడుకుంటూ తిరగడం, గుమ్మాల్లో పోసిన బియ్యం వంటశాలకి చేరుతుంది. తర్వాత ఘనరాగ పంచరత్నాల గోష్ఠి, ఐదు రాగాల్లో స్వామివారి ఐదు కీర్తనలు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. అందరూ కలిసి ఒకేసారి పాడటం, చూడ్డానికి ఎంత బావుంటుందో దాని వెనక అంత రభస. మొదటిది శ్రుతి. ఆడవాళ్లు ఐదులో పాడతారు, మగవాళ్లు ఒకటిలోనో ఒకటిన్నరలోనో. అందరూ కలవాలంటే ఎక్కడో మధ్యలో ఆగాలి, అది ఎవరికీ సుఖం కాదు. మేం మూడు అంటాం, మగవాళ్లకి పైన అరుపు, ఆడవాళ్లకి కింద గొణుగుడు. ఓ ఏడు ఈ వాదన సాగి సాగి, మా దాతల్లో పెద్దాయన, సంగీతం తెలియకపోయినా ప్రేమ ఉన్నాయన, కల్పించుకుని "ఎందుకర్రా గొడవ, ఇంకాస్త పెంచి మూడున్నర పెట్టండి" అన్నారు. అందరూ ఒక్క క్షణం ఆగారు. హార్మోనియం చూసినవాళ్లకి తెలుస్తుంది, మూడుకీ నాలుగుకీ మధ్య నల్ల మెట్టు ఉండదు, మూడున్నర అనేదే లేదు. ఆ మాట ఆయనతో అనడానికి ఎవరికీ నోరు రాలేదు. "అలాగేనండీ" అన్నారు మాస్టారు, మూడులోనే పాడించారు. కార్యక్రమం అయ్యాక పెద్దాయన నా దగ్గరికొచ్చి "చూశావా, మూడున్నర ఎంత హాయిగా ఉందో" అన్నారు.

రెండోది వరాళి. ఆ రాగం గురువు నేరుగా శిష్యుడికి చెబితే ఇద్దరికీ పడకుండా పోతుందని పాతకాలం నుంచీ ఒక నమ్మకం. అందుకని చాలామంది పాఠం చెప్పరు, విని నేర్చుకోమంటారు. దాంతో ఆరభి దాకా రెండొందల గొంతులతో మోగిపోయిన హాలు వరాళి రాగానే ముప్ఫైకి పడిపోతుంది, మిగతావాళ్లు పెదాలు కదుపుతారు. మైకు కుర్రాడు ప్రతి ఏడూ ఏదో వైరు ఊడిందనుకుని కంగారుగా లేస్తాడు. "కూర్చో నాన్నా, వరాళి" అంటాను. శ్రీరాగానికి మళ్లీ అందరూ వచ్చేస్తారు, ప్రసాదం కోసం వచ్చినవాళ్లతో సహా.

మూడోది, ముందు వరసలో ఎవరు కూర్చోవాలి. టీచర్లు, రేడియో ఆర్టిస్టులు, దాతల ఇళ్ల ఆడవాళ్లు, ఎవరు ఎవరి వెనక అన్నది. ఒకసారి ఒక పెద్దాయన "గోష్ఠి నడిపేది మగవాళ్లే, ఆడవాళ్లు వెనక కూర్చుంటే శ్రుతి గొడవ కూడా ఉండదు" అన్నారు. ఆ మీటింగులో నేనెప్పుడూ పెద్దగా మాట్లాడను, లెక్కలు చదివి ఊరుకుంటాను. ఆ రోజు మాత్రం బెంగుళూరు నాగరత్నమ్మ గురించి చెప్పాను. 1878లో నంజనగూడులో పుట్టి మద్రాసులో పేరు తెచ్చుకున్న గాయని, దేవదాసి. 1910లో, తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగారకావ్యం రాధికాసాంత్వనాన్ని అచ్చు వేయించి తిట్లు తిన్నదీ ఆవిడే. తిరువయ్యారులో స్వామి సమాధి ఆలనాపాలనా లేకుండా ఉందని తెలిసి, తన సొంత సంపాదనతో స్థలం కొని గుడి కట్టించింది, 1925కల్లా ప్రతిష్ఠ అయింది. అప్పటికి ఆరాధన చేసేవాళ్లు పెద్ద కచ్చి, చిన్న కచ్చి అని రెండు ముఠాలు, ఎవరి ఉత్సవం వాళ్లది. రెండింట్లోనూ ఆడవాళ్లు పాడటానికి లేదు, ఆ గుడి కట్టించిన మనిషితో సహా. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు, ఆడవాళ్లని కూడగట్టి మూడో కచ్చి పెట్టింది. చివరికి 1940 ప్రాంతంలో అందరూ కలిశారు. ఒక్క ఆవిడ ఎన్ని ఉత్తరాలు రాసి ఉంటుందో, ఎంతమంది గుమ్మాల ముందు నిలబడి ఉంటుందో, ఎంతమంది అలకలు తీర్చి ఉంటుందో నేను ఊహించుకోగలను, ఎందుకంటే మూడొందల కుర్చీల ఉత్సవానికే నాకు బీపీ మాత్ర మారింది. నేను చెప్పడం అయ్యాక పెద్దాయన ఏమీ అనలేదు. టీ తెప్పించమన్నారు. ఆ ఏడు నుంచి ముందు వరస రెండు పాయలు, ఎడమ పక్క వాళ్లు, కుడి పక్క వీళ్లు.

ఈ ఏటి లెక్కలు నిన్ననే తేలాయి. ఖర్చు 4,18,000 చిల్లర, వచ్చింది 4,09,000. తేడా ఎప్పటిలాగే కమిటీ వాళ్లం తలా కొంచెం వేసుకున్నాం. షామియానా అతను కుర్చీలు నాలుగు తక్కువొచ్చాయంటున్నాడు, మేము కాదు బరి దగ్గర పోయాయంటున్నాం, ఇది హోళీ దాకా నడుస్తుంది. ఈ ఏడు అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి వచ్చేసారి పంచమి జనవరి నెలాఖరుకి జరుగుతుంది, సంక్రాంతి అయిపోయి సామానంతా ఖాళీ, ఐదు రోజులూ నిశ్చింతగా చేసుకోవచ్చు. కొత్త పంచాంగం రాకముందే మండపం మేనేజరుకి ఫోన్ చేశాను. "ఇప్పట్నుంచీ ఎందుకండీ మేడంగారూ, పుష్యంలో ఎవరు పెళ్లి చేసుకుంటారు?" అన్నాడు. అయినా వినకుండా 5,000 అడ్వాన్సు పంపేశాను. పది రోజులైంది, రసీదు ఇంకా ఇవ్వలేదు.